ఇరవై రెండు వారాల నాలుగో రోజు

లోపలికి వెళ్లి తొమ్మిది నిమిషాలైంది. పోయినసారి పన్నెండు పట్టింది, అంతకు ముందుసారి పదిహేను, కాబట్టి ఇంకో మూడు నిమిషాల దాకా కంగారు పడే హక్కు నాకు లేదు అని చెప్పుకుంటూ, స్కాను గది తలుపు మీది ఎర్ర బల్బు వైపు చూడకుండా, ఎదుటి గోడ మీద ఐరన్ మాత్రల గురించి హిందీలో రాసిన పోస్టరు చదువుతున్నాను, మూడోసారి. ముప్పై ఒకటి, ఇరవై తొమ్మిది, ఇరవై ఏడు. ఇవి మిల్లీమీటర్లు. నా భార్య సాయిప్రియ గర్భసంచి మూతి ఎంత పొడవుందో రెండు వారాలకోసారి కొలుస్తున్నారు. ఇరవై అయిదు కంటే తగ్గితే కుట్టు వేస్తామన్నారు. ఆ మూతి పొట్టిదైపోతే ముందే తెరుచుకోవచ్చు, ఉమ్మనీటి సంచి కిందికి జారి చిరిగిపోవచ్చు, అప్పుడు నీళ్లు వేళ కాకుండానే పోతాయి. ఇవాళ ఇరవై రెండు వారాల నాలుగు రోజులు. రెండేళ్ల కిందట, మొదటి కాన్పుకి, సరిగ్గా ఇదే రోజున పోయాయి. స్కాను ఈ రోజుకే వచ్చి కలుస్తుందని నాకు నెల ముందే తెలుసు, క్యాలెండరు తిప్పి లెక్క చూసుకున్నాను, ఆమెకు చెప్పలేదు. పొద్దున బయల్దేరేటప్పుడు చెప్పులు వేసుకుంటూ "ఇవాళే కదా" అంది. అంతే అంది. నేను తాళం వేశాను.

"ఏటి మాస్టారూ, ఆ గోడ నిన్నేటి అడుగుతున్నాది, అలగ సూస్తన్నావు?" అంది పక్కన కూర్చున్న కన్నమ్మ. సాయిప్రియకి అమ్మమ్మ. నేనూ అలాగే పిలుస్తాను.

"చదువుతున్నాను అమ్మమ్మా."

"ఎంతసేపు సదువుతావు ఆ నాలుగు ముక్కలు? నీ కిలాసులో పిల్లడయితే ఈపాటికి బెంచీ ఎక్కించీసుందువు."

నవ్వాను అనుకుంటాను. ఆవిడ బుగ్గలో లవంగం కదులుతోంది, కుడి నుంచి ఎడమకి. నాలుగు నెలలుగా ఆ లవంగమే. పలాస దగ్గరి పల్లె నుంచి మొగుడు దాలయ్య వెనకాల వచ్చి, భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ కొలిమి కట్టేచోట మట్టి తట్టలు మోసిన మనిషి, అప్పటికి పద్దెనిమిదేళ్లు, అప్పటికే అడ్డచుట్ట అలవాటు. నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని కాల్చడం. నెత్తిన తట్ట, రెండు చేతులూ పైన, ఎదురుగాలి, చుట్ట మామూలుగా పెట్టుకుంటే నిప్పురవ్వ చీర మీద పడుతుంది, అందుకని నిప్పు లోపలికి, అని ఒకసారి నాకు విడమరిచి చెప్పింది, నేను సైన్సు మాస్టారిని కాబట్టి అర్థమవుతుందనుకుని. పెళ్లయిన కొత్తలో ఆ మూసిన నోట్లోంచి పొగ రావడం చూసి నేను కళ్లు తిప్పుకునేవాణ్ని. తల్లి పోయిన పిల్లని ఆ పొగలోనే పెంచింది. ఈసారి నెల తప్పిందని తెలిసిన రోజు సాయిప్రియ డాక్టరు చెప్పినవన్నీ వంటింటి గడపలో కూర్చుని ఆవిడకి ఒక్కొక్కటీ చెప్పింది, మూత్రంలో మంటొస్తే దాచకూడదు, చుక్క రక్తం కనిపించినా చెప్పాలి, బరువు పెరగాలి, పొగాకు ఏ రూపంలోనూ కూడదు, ఇంట్లో ఇంకొకరి పొగ కూడా. ఆ చివరి ముక్క చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది. కన్నమ్మ లేచింది. దూలానికి వేలాడదీసిన చుట్టల కట్ట దింపి, సందు చివర ఉండే అప్పలసూరికి ఇచ్చేసి వచ్చింది. ఆ తర్వాత నెల్లాళ్లు కూరగాయల బండివాడితో, కుళాయి దగ్గర వాళ్లతో, నాతో, అందరితో తగువే. ఒకరోజు ఎలా ఉంది అమ్మమ్మా అని అడిగితే, "అరవయ్యేళ్లు నిప్పు ఎట్టుకున్న నోరిది. లవంగం ఎట్టుకోలేదేటి?" అంది. డెబ్భై ఆరేళ్ల మనిషి. నేను రోజూ పిల్లలకి పట్టుదల గురించి చెబుతుంటాను, ఆవిడ ఉన్న ఇంట్లోనే ఉంటూ.

పదకొండు నిమిషాలు. బల్బు అలాగే ఉంది. పదకొండు అనే అంకె దగ్గరికి నా ఆలోచన వెళ్లకుండా ఎప్పుడూ చూసుకుంటాను, కానీ గడియారం దాని మీదికి వచ్చి నిలబడితే ఏం చేస్తాం. మా మొదటి పాప పదకొండు నిమిషాలు బతికింది. ఆ రోజు పొద్దున సాయిప్రియ నా చొక్కా ఇస్త్రీ చేస్తోంది, ఉన్నట్టుండి పెట్టె నిలబెట్టి, కాళ్ల వైపు చూసుకుని, చీర ఇలా తడిసిందేంటి, నాకు తెలియకుండా పోసుకున్నానా అంది సిగ్గుగా, నేను స్కూలుకి ఆలస్యమవుతోందని బూట్లు వేసుకుంటున్నాను, మార్చుకో అన్నాను. మార్చుకుంది. అది కూడా తడిసింది. వెచ్చగా, వాసన లేకుండా, ఆగకుండా. అప్పటికి గంటా పది నిమిషాలు గడిచిపోయాయి. ఇక్కడికే తెచ్చాను, ఇదే బెంచీ. నీళ్లు దాదాపు అయిపోయాయన్నారు, మందులతో ఎన్నాళ్లు ఆగుతుందో చూద్దామన్నారు, రెండు రోజులు ఆగింది, మూడో రోజు జ్వరం వచ్చింది, ఇక ఆపకూడదన్నారు. కాగితంలో పేరు రాసే గడిలో సాయిప్రియ బిడ్డ అని రాశారు. శివనాథ్ నది ఒడ్డుకి నేనే తీసుకెళ్లాను, దుర్గ్ వైపు వంతెన కింద నుంచి, రెండు చేతుల్లో. అరకిలో లేదు. ఆ బరువును దేనితోనూ పోల్చను.

తర్వాత డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఎందుకలా జరిగి ఉండొచ్చో చెప్పింది. తొందరపడకుండా చెప్పింది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉండి ఉంటుంది, పరీక్షలో కనబడింది. మూడో నెలలో రెండు రోజులు రక్తం కనిపించిందట, అదీ ఒక కారణం కావచ్చు. మనిషి నలభై మూడు కిలోలే. గర్భసంచి మూతి పొట్టిగా ఉందేమో అప్పుడు కొలవలేదు, కొలిచే సందర్భం రాలేదు. పొగ తాగేవాళ్లలో, పొగాకు వాడేవాళ్లలో ఎక్కువ. ఒకసారి జరిగినవాళ్లకి మళ్లీ జరిగే అవకాశం ఎక్కువ. ఇవేవీ లేనివాళ్లకీ జరుగుతుంది, చాలామందిలో కారణం దొరకదు, ఇదీ అని ఒకదాని మీద వేలు పెట్టి చెప్పలేను. నేను టీచర్ని. జవాబులన్నీ విన్నాను కానీ నా వేలు మాత్రం వెళ్లి ఒకదాని మీద ఆగింది, ఇప్పటిదాకా అక్కడే ఉంది.

ఎందుకంటే ఆ మొదటి రోజు, తడిసిన చీరతో బల్ల మీద పడుకున్నప్పుడు, చిన్న డాక్టరొకామె కాగితం పట్టుకుని గబగబా అడిగింది, మొదటి కాన్పా, ఎన్నో వారం, బీపీ ఉందా, బీడీ, గుట్కా, తంబాకూ ఏదైనా? సాయిప్రియ నోరు తెరిచింది. ఆమె కంటే ముందు నేను అన్నాను, "నహీ మేడమ్, అలాంటివేం లేవు. నేను టీచర్ని." ఆమె రాసుకుని వెళ్లిపోయింది. సాయిప్రియ తెరిచిన నోరు మూసుకుంది.

గుడాఖు గుర్తు రాలేదు అని చాలాసార్లు చెప్పుకున్నాను. అది అబద్ధం. వచ్చింది. మా పెరట్లో కుళాయి పక్కన బ్రష్షుల డబ్బాలో ఆ చిన్న గుండ్రటి డబ్బీ కళ్ల ముందుకి వచ్చింది, మూత మీది బొమ్మతో సహా. ఒక రెప్పపాటు. పొగాకూ బెల్లమూ కలిపి చేసిన ముద్ద, చూపుడువేలితో చిగుళ్లకి రాసుకుంటారు, ఇక్కడ సగం ఇళ్లలో ఆడవాళ్లకి అది లేకపోతే తెల్లవారదు. ఎవరూ దాన్ని తంబాకూ, పొగాకు, అనరు. మంజన్ అంటారు, పళ్లపొడి లాంటిదని. ఖుర్సీపార్‌లో సాయిప్రియ పెరిగిన ఇళ్ల వరసలో పక్కింటి ఛత్తీస్‌గఢీ దీదీ నేర్పింది పదిహేడో ఏట, పన్నునొప్పికని. చదువుకున్న అమ్మాయి, ఐటీఐ చేసింది, నాకంటే మంచి లెక్కలు, అయినా పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి అంట్లు తోమాక ఒకసారి. నాకు చిరాకుగా ఉండేది, ఆ ఉమ్మడం. మా స్కూలు పిల్లల్ని పొగాకు వద్దని అట్టలు పట్టించి సెక్టార్ల వీధుల్లో నడిపించింది నేనే. అందుకే అన్నాను. అబద్ధమాడుతున్నానని తెలిసి, ఆమె బాగు కోసం కాదు, నా చొక్కా నలగకుండా. అప్పుడు చెప్పి ఉంటే పాప బతికేదా అంటే, బతికేది కాదు, నీళ్లు అప్పటికే పోయాయి, ఆ లెక్క నాకు తెలుసు. అయినా ఆ మాట ఆమె నోట్లోంచి లాక్కున్నాను కదా. తర్వాత రెండేళ్లలో ఒక్కసారి కూడా, తగవులో కూడా, అప్పుడెందుకలా అన్నావని ఆమె అడగలేదు. 

ఈసారి డబ్బీ తనే తీసి బయట పారేసింది. పదిహేను రోజులు తలనొప్పి, పొద్దున పూట కడుపు కదలక ఏడుపు, చేతులు వణుకు. హథ్‌ఖోజ్‌లో బోల్టులూ పిన్నులూ చేసే చిన్న యూనిట్‌లో తను కొలిచే మనిషి. లేతు మీంచి దిగిన ప్రతి పిన్నూ వెర్నియర్ కొలబద్ద దవడల మధ్య పెట్టి, సరిపోతే ఇటు, లేకపోతే అటు. ఆ చేతులు వణికితే పని ఎలా? వణికిన రోజున ప్రతిదీ రెండేసి సార్లు కొలిచిందట, భోజనం మానుకుని. ఓనరు బంగార్రాజు గారు సెలవు పెట్టుకోమ్మా అంటే, సెలవులు ముందుకి దాచుకున్నానండీ అందట. మొదటి స్కానుకి వచ్చినప్పుడు నాకింకా గుర్తు, డాక్టరమ్మ ముప్పై ఒకటి అనగానే, పడుకున్న చోట నుంచే, "ఎన్నిసార్లు కొలిచారు మేడమ్?" అని అడిగింది. మూడుసార్లు అంది డాక్టరమ్మ. "మూడింట్లో ఏది రాస్తారు?" అన్నిటికంటే చిన్నది అంది. "మేం కూడా అంతే," అని తృప్తిగా తల వెనక్కి వాల్చింది. నేను ఆ గదిలో స్టూలు మీద కూర్చుని ఉన్నాను, భయంతో నాకు ఆ అంకె కూడా సరిగ్గా వినపడలేదు. భయం ఆమెకీ ఉంది, రాత్రుళ్లు బాత్రూంలోంచి వచ్చి బట్ట వెలుతురులో పెట్టి చూసుకోవడం నాకు తెలుసు. చూసుకుని, మడిచి, పడుకుని, నిద్రపోతుంది. నేను నిద్రపోను.

పదమూడు. పదమూడున్నర. తలుపు తెరుచుకుంది, లేచాను, కానీ వచ్చింది నర్సు శ్రీలక్ష్మి, భిలాయి-3 అమ్మాయి, తెలుగు పిల్ల, మాటల్లో సగం హిందీ.

"తిరుమలరావు సార్, యే ఫారమ్ భర్ దీజియే. మేడమ్ నింపి ఉంచమన్నారు."

"ఎందుకమ్మా? లోపల ఏమైంది? ఎంత వచ్చింది?"

"నాకు తెలీదు సార్, కొలుస్తూనే ఉన్నారు. అడ్మిషన్ కాగితం, అవసరం పడితే కామ్ ఆతా హై. బైఠియే."

కూర్చున్నాను. కన్నమ్మ నా చేతిలో కాగితం వైపు చూసింది, చదవడం రాదు, నా మొహం వైపు చూసింది, అది చదవడం వచ్చు. పేరు, సాయిప్రియ. వయసు, ముప్పై ఒకటి. గర్భాలు, రెండు. జీవించి ఉన్న పిల్లలు. ఆ గడిలో సున్నా పెట్టాను, నా సున్నాలు ఎప్పుడూ గుండ్రంగా వస్తాయి, ఇది రాలేదు. మూత్రంలో మంట, ఈసారి ఒకసారి వచ్చింది, అదే రోజు చూపించింది, మందు వాడింది, రాశాను. రక్తం, లేదు. బరువు, యాభై ఒకటి. ఎనిమిది కిలోలు ఎలా పెంచిందో నేను చూశాను, తినబుద్ధి కాని రోజు కూడా గుడ్డు ఒలుచుకుని కళ్లు మూసుకుని మింగడం. తర్వాతి గడి, తంబాకూ. హా, నహీ. పెన్ను ఆగింది. ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పుడూ రాయను. రాస్తే పాత కాగితంలో నహీ అని ఉంటుంది, ఎవరన్నారు అని అడుగుతారు, నేను అని చెప్పాలి, డాక్టరమ్మ ముందు, శ్రీలక్ష్మి ముందు, ఆ పిల్ల తమ్ముడు మా స్కూల్లో తొమ్మిదో తరగతి. అన్నీ ఆలోచించాను, ఇప్పుడు కూడా ఆలోచించాను, అదీ నేను. తర్వాత రాశాను. గుడాఖు, పదమూడేళ్లు, మొదటి కాన్పులో కూడా. అప్పుడు లేదని చెప్పినది భర్త. ఈ గర్భం తెలిసిన నాటి నుంచి మానేసింది. కింద సంతకం పెట్టాను.

శ్రీలక్ష్మి నిలబడే చదివింది. పెదవులు కదిలాయి. తర్వాత చంకలోని పాత ఫైలు తీసి పేజీలు వెనక్కి తిప్పి, "యే తో పహలే సే హై సార్," అంది.

"ఏది ఉంది?"

"గుడాఖు. ఇదిగో, పోయినసారి దాంట్లోనే. పేషెంట్ చెప్పినట్టు మేడమ్ రాశారు." వేలు పెట్టి చూపించింది. నహీ అన్న దాని మీద ఒక గీత, పక్కన డాక్టరమ్మ చేతిరాత, మర్నాటి తేదీ. శ్రీలక్ష్మి నా మొహం చూసి ఫైలు మూసి లోపలికి వెళ్లిపోయింది, మంచి పిల్ల.

 కన్నమ్మ వైపు మెల్లగా తిరిగాను. "అమ్మమ్మా, నీకు తెలుసా?"

"తెల్దేటి? మర్నాడు నువ్వు మందుకి దుర్గ్ ఎల్లినావు కదా, అప్పుడు పిలిసింది డాకటర్ని. నానక్కడే ఉన్నాను." లవంగం ఆగింది. "మా ఆయన సెప్పింది తప్పు, నాను వాడతాను, రాసుకోండి అన్నాది. కడుపులో పిల్ల ఇంకా కదల్తన్నాది అప్పటికి. పిల్లకేటైనా మందు ఎయ్యడానికి పనికొస్తాదేమోనని సెప్పింది, పాపం."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకా? నువ్వసలే అన్నం తినకుండా తిరుగుతున్నావు. మాస్టారు మనసు ఇరిగిపోతాది, సెప్పకు అమ్మమ్మా అని నాసేత ఒట్టు ఏయించుకున్నాది." నన్ను ఎగాదిగా చూసింది. "ఇప్పుడు నాను సెప్పీసినానని దానికి సెప్పీకు. నన్ను సంపీగల్దు."

రెండేళ్లు. నేను ఒంటరిగా మోస్తున్నాననుకున్నది ఆమె మర్నాడే దించి, దాని పక్కనే కూర్చుని నన్ను కనిపెట్టుకుని ఉంది. నొప్పులు ఎప్పుడు మొదలవుతాయో తెలియని బల్ల మీద, నీళ్లు లేని కడుపులో పిల్ల కదులుతుండగా, నా మాట కొట్టేయించి నన్ను కాపాడింది. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. క్లాసులో ఎప్పుడో ఒక పిల్లో పిల్లాడో నేను తప్పు చేసిన లెక్కని బోర్డు దాకా రాకుండా చూసి, పిరియడ్ అయ్యాక మెల్లగా వచ్చి చెబితే కలిగే లాంటిది, గౌరవం, అంతకంటే పెద్ద మాట వాడను.

ఎర్ర బల్బు ఆరింది. సాయిప్రియ నడుచుకుంటూ వచ్చింది, చున్నీ సర్దుకుంటూ, నా కంటే ముందు కన్నమ్మ భుజం మీద చెయ్యి వేసి, "తగ్గింది," అంది నాతో. "ఇరవై నాలుగు, ఇరవై మూడు, మళ్లీ ఇరవై నాలుగు. ఇరవై మూడే రాసుకున్నారు."

"నీళ్లు?"

"ఉన్నాయి. బాగా ఉన్నాయి. కదులుతున్నాడో కదులుతోందో, చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుంది." కన్నమ్మ "ఓలమ్మ" అని తన చెయ్యి కూడా మొహానికి పెట్టుకుంది.

డాక్టరమ్మ గదిలోకి పిలిచారు. కుట్టు ఇవాళ మధ్యాహ్నమే. అది వేస్తే అంతా సరిపోతుందని మాట ఇవ్వలేను, కానీ వారాలు దొరకొచ్చు, ఇప్పుడు మనకి కావలసింది వారాలు, అంది. మత్తు ఇచ్చే డాక్టరు కోసం మళ్లీ ఒకసారి అడగాలి అని పెన్ను తీసింది. సాయిప్రియ కుర్చీలో, నేను పక్కన నిలబడి, కన్నమ్మ తలుపు దగ్గర. నేను నింపిన కాగితం ఆవిడ ముందే ఉంది, చదివిందో లేదో తెలియనివ్వలేదు. ఇక్కడ అలవాటేమిటో, ప్రశ్న అడిగేటప్పుడు అందరూ మొగవాడి వైపే చూస్తారు. "పొద్దున్నుంచి ఏమైనా తిన్నదా, మాస్టర్జీ?" "ఆమెను అడగండి మేడమ్," అన్నాను. సాయిప్రియ తల తిప్పి నా వైపు చూసింది. ఆరింటికి రెండు ఇడ్లీలు అంది. మంట? లేదు. రక్తం? లేదు. ఈ అయిదు నెలల్లో తంబాకూ, గుడాఖు, ఒక్కసారైనా?

లేదు. ఆ మాట నా నాలుక మీదికి వచ్చేసింది. ఈసారి అబద్ధం కూడా కాదు, నేను చూశాను, తలనొప్పి చూశాను, వణుకు చూశాను, ఆమె తరఫున గర్వంగా చెప్పాల్సిన మాట. పళ్లు బిగించి పట్టుకున్నాను.  సాయిప్రియ ఒళ్లో చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది.

"రెండుసార్లు," అంది. "పోయిన నెల. పనిలో, భోజనాల వేళ, తోటి ఆమె డబ్బీ తీస్తే ఆగలేకపోయాను. ఒక్క వేలు. మర్నాడు ఇంకోసారి. మళ్లీ లేదు."

కన్నమ్మ లవంగం కొరికిన చప్పుడు వినబడింది. డాక్టరమ్మ తల ఊపి రాసుకుంటోంది. సాయిప్రియ కుర్చీలో ముందుకు వంగి ఆ రాతను తలకిందులుగా చదివింది.

"తారీఖులు కూడా వేయండి మేడమ్," అంది. "పద్దెనిమిది, పంతొమ్మిది."